పుట్టిన దేశంలో తొలి వారాలు
(పిల్లల వార్డు కుటుంబాల అవగాహన సమావేశంలో ఒక సిస్టరు చేసిన ప్రసంగం)



ఈ రోజు నేను మాట్లాడబోయేది దత్తత బిడ్డ ఆరోగ్యం గురించి. "మా బిడ్డలు మా కడుపున పుట్టినవాళ్లే కదా సిస్టర్, మాకెందుకిది?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. మన ఊళ్ల నుంచి విదేశాలకు వెళ్లి స్థిరపడినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లలో కొందరు ఇక్కడికి వచ్చి బిడ్డను దత్తత తీసుకుంటున్నారు. అయితే బిడ్డను చేతికి తీసుకున్న మర్నాడే విమానం ఎక్కడం కుదరదు. కాగితాలు పూర్తయ్యేవరకు కొన్ని వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం, ఈ దేశంలోనే ఉండాలి. ఎక్కడ ఉంటారు? ఎక్కువగా అమ్మానాన్నల దగ్గర, అత్తమామల దగ్గర. అంటే మీ ఇళ్లలోనే. కనుక ఆ వారాలు ఎలా గడవాలన్నది వాళ్ల చేతిలో ఎంత ఉందో మీ చేతిలోనూ అంతే ఉంది.

ఆ ఆలస్యం ఎందుకు?

మన దేశంలో దత్తత వ్యవహారాలు చూసేది కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ. దాన్ని అందరూ 'కారా' అంటారు. ఒక దేశపు బిడ్డ ఇంకో దేశానికి దత్తత వెళ్లేటప్పుడు మోసాలు జరగకుండా 1993లో హేగ్ నగరంలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. మన దేశం దాన్ని 2003లో ఆమోదించింది. దాని ప్రకారం రెండు దేశాలూ ఒప్పుకోవాలి. తరువాత కారా నుంచి నిరభ్యంతర పత్రం రావాలి. దత్తత ఉత్తర్వు పూర్వం కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబరు 1 నుంచి జిల్లా మేజిస్ట్రేటు, అంటే మన కలెక్టరు గారు ఇస్తున్నారు. ఆ పైన బిడ్డకు పాస్‌పోర్టు, వీసా. నిరభ్యంతర పత్రం వచ్చాక, ఉత్తర్వు కోసం ఎదురుచూసే సమయంలో, హామీపత్రం రాసి ఇచ్చి బిడ్డను దత్తతకు ముందు సంరక్షణ కింద తమ దగ్గర ఉంచుకోవడానికి తల్లిదండ్రులకు వీలుంది. కాని ఈ దేశంలోనే ఉండాలి.

చాలామంది దీన్ని దండగ కాలంగా చూస్తారు. సెలవు అయిపోతోందని, ఆఫీసుల చుట్టూ తిరగలేకపోతున్నామని విసుక్కుంటారు. నా మటుకు నేను ఇది బిడ్డకు దొరికిన మంచి కాలం అంటాను. ఎందుకో చెబుతాను.

ఈ వారాల్లో బిడ్డకు ఎండ పాతదే, అన్నం పాతదే, వీధిలో వినపడే హారన్లు, కాకుల అరుపులు పాతవే. కొత్తవాళ్లు అమ్మానాన్నలు మాత్రమే. విమానం దిగిన రోజున ఇది తలకిందులవుతుంది. చలి కొత్త, ఇల్లు కొత్త, భాష కొత్త, అన్నం రుచి కొత్త. ఆ రోజు బిడ్డకు పాతవాళ్లంటూ ఉండాల్సింది అమ్మానాన్నలే. వాళ్లు ఆ రోజుకు పాతబడాలంటే ఈ వారాల్లోనే పాతబడాలి. నా ప్రసంగమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఊరుకున్న పిల్ల కుదురుకున్న పిల్ల కాదు

మా పిల్లల వార్డులో తల్లిని బిడ్డ పక్కనే ఉండనిస్తాం. ఒకప్పుడు చాలా దేశాల ఆసుపత్రుల్లో అలా ఉండనిచ్చేవారు కాదు. 1952లో లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఒక చిన్న సినిమా తీశారు. ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాప గురించి. తల్లికి దూరమైన పసిపిల్లల్లో ఆయన మూడు దశలు గమనించారు. మొదట గట్టిగా ఏడుస్తారు. తరువాత దిగాలుగా అయిపోతారు. ఆఖరున నిశ్శబ్దంగా, అందరితో సర్దుకుపోయినట్టు కనపడతారు. అది సర్దుకుపోవడం కాదు, ఆశ వదులుకోవడం. తరువాత 1959లో బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ, పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని సిఫారసు చేసింది.

దత్తత బిడ్డ విషయంలో ఇది గుర్తుంచుకోండి. శిశుగృహలో పెరిగిన బిడ్డకు అక్కడి ఆయాలే అమ్మలు. మనం "మంచి ఇల్లు దొరికింది" అని సంతోషిస్తున్న రోజే ఆ బిడ్డ తనకు తెలిసిన ప్రపంచాన్ని పోగొట్టుకుంటోంది. కొందరు పిల్లలు రాత్రంతా ఏడుస్తారు. కొందరు అసలు ఏడవరు, బొమ్మలా కూర్చుంటారు. "ఎంత బుద్ధిమంతురాలో, ఒక్కసారి ఏడవలేదు" అని మురిసిపోకండి. ఏడవని బిడ్డనే ఎక్కువగా దగ్గరకు తీసుకోవాలి. కొన్నాళ్లకు అమ్మ గదిలోంచి లేచి వెళ్తే ఆ బిడ్డ ఏడవడం మొదలుపెడుతుంది. అది మంచి గుర్తు. అమ్మ లేకపోతే వెలితి అని బిడ్డకు తెలిసిందన్నమాట.

ఇంకో రకం పిల్లలు ఎవరు చేతులు చాపినా వెళ్లిపోతారు. "ఎంత కలుపుగోలు పిల్లో" అంటాం. తనవాళ్లు ఎవరో ఇంకా తెలియని బిడ్డ అలాగే చేస్తుంది. వాళ్లను చేతులు మార్చి మార్చి ఎత్తుకుంటే ఆ తెలియడం ఇంకా ఆలస్యమవుతుంది.

భోక అంటే ఏమిటి?

ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఊరూ పేరూ చెప్పను. తెలుగువాళ్లే, అమెరికాలో ఉంటారు. ఒడిశాలో మూడేళ్ల పాపను దత్తతకు తీసుకుని, కాగితాలు అయ్యేదాకా ఇక్కడ నాయనమ్మ గారింట్లో ఉన్నారు. వచ్చిన అయిదో రోజున విరేచనాలతో పాపను మా వార్డులో చేర్చారు. బంధువులు చూడడానికి వచ్చినప్పుడల్లా తలో స్వీటు, తలో పండు పెట్టారు. బక్కగా ఉందని రోజుకు మూడు గ్లాసుల గేదెపాలు పట్టారు. పాప ఏది పెట్టినా తింది. శిశుగృహలో పెరిగిన పిల్లలు పెట్టింది వదలరు, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందోనని భయం. చాలు అని చెప్పడం వాళ్లకు తెలియదు.

సెలైన్ తీసేశాక పాప మాటిమాటికీ "భోక, భోక" అంటోంది. నాయనమ్మ గారు, "అక్కడ ఎవరో భోక అనే ఆయా ఉండి ఉంటుంది సిస్టర్, ఆవిడ కోసం బెంగ పెట్టుకుంది" అన్నారు. మా డ్యూటీలో ఇచ్ఛాపురం వైపు సిస్టరు ఒకామె ఉంది. ఆ సరిహద్దు ఊళ్లలో ఒరియా చాలామందికి వచ్చు. ఆమె విని, "ఆకలి అంటోంది అమ్మా" అంది. అందరం ఒక్క నిమిషం మాట్లాడలేదు. తరువాత ఆ సిస్టరు పాప మంచం దగ్గర కూర్చుని పది పదిహేను ఒరియా మాటలు ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చింది. నీళ్లకు పాణి, అన్నానికి భాత, అలాగ. ఆ తల్లి ఆ కాగితాన్ని డిశ్చార్జి అయ్యేలోపే కంఠతా పట్టింది. ఆమె మొదటిసారి "భోక?" అని అడిగినప్పుడు పాప తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. అంతవరకు ఆ పాప ఎవరి ముఖంలోకీ సరిగా చూడలేదు.

మన దేశంలోనే పుట్టింది కదా, మన భాష వస్తుందిలే అనుకోకూడదు. అలాగే మన శిశుగృహల నుంచి బిడ్డను తీసుకునే ఇటలీ, స్పెయిన్, అమెరికా దంపతులు మీ పక్కింట్లో అద్దెకు దిగితే, వాళ్లకు కొన్ని తెలుగు మాటలు నేర్పండి. అమ్మ, నాన్న, నీళ్లు, బువ్వ, నొప్పి, ఉచ్చ. వీటికంటే ముఖ్యంగా "ఇక్కడే ఉన్నాను", "మళ్లీ వస్తాను" అనే రెండు మాటలు. ఏ మందు కన్నా ఇవి ఎక్కువ పనిచేస్తాయి.

శిశుగృహ నుంచి తెచ్చుకోవలసినవి

బిడ్డను తీసుకునేముందు వీలైనన్నిసార్లు వెళ్లి ఆయాతో కూర్చోండి. ఏ వేళకు ఏం తింటుంది, ఎంత తింటుంది, ఎలా నిద్రపుచ్చుతారు, దేనికి భయపడుతుంది, ముద్దుగా ఏమని పిలుస్తారు, అన్నీ అడిగి రాసుకోండి. ఆయా జోల పాడితే సెల్‌ఫోనులో రికార్డు చేసుకోండి. దత్తత నిబంధనల ప్రకారం బిడ్డ ఫొటోలు, విశేషాలతో ఒక జ్ఞాపకాల ఆల్బమ్‌ను, వైద్య చరిత్రను సంస్థ తల్లిదండ్రులకు అందజేయాలి. మర్చిపోకుండా తీసుకోండి. పెద్దయ్యాక ఆ బిడ్డకు తన మొదటి రోజుల గురించి మిగిలేది అదే.

బిడ్డ ఒంటి మీదున్న పాత గౌను, పట్టుకుని పడుకునే గుడ్డముక్క పారేయకండి. వెంటనే ఉతకనూ వద్దు. అందులో బిడ్డకు తెలిసిన వాసన ఉంటుంది.

ఇంట్లో పెద్దలకు నా మనవి

1. ముద్ద అమ్మ చేతి మీదుగానే. తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం, దెబ్బ తగిలితే ఎత్తుకోవడం, ఈ నాలుగూ కొన్ని వారాలు తల్లిదండ్రులే చేయాలి. నాయనమ్మ గారూ, మీకు కష్టంగానే ఉంటుంది. వంట మీరు చేయండి, అన్నం మీరు కలపండి, కంచం కోడలి చేతికివ్వండి. బిడ్డ ఏడుస్తూ మీ దగ్గరకు వస్తే ముద్దు చేసి, "అమ్మ దగ్గరకు వెళ్దాం పద" అని తీసుకెళ్లి అప్పజెప్పండి. అది మీరు ఆ బిడ్డకు చేసే పెద్ద సేవ.

2. చుట్టాల రాక తగ్గించండి. భోజనాలు, ఫొటోలు, పేరు పెట్టే వేడుక, పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టించడం తరువాతి రాకకు వాయిదా వేయండి. కొత్త మనుషులు పట్టుకుని గుండు గీయిస్తుంటే ఆ బిడ్డకు అది వేడుక కాదు, భయం.

3. పేరు ఉన్నపళంగా మార్చకండి. అన్నీ పోయినా బిడ్డతో వచ్చిన ఆస్తి ఆ పిలుపు. కొత్త పేరు పెట్టుకున్నా ఇంట్లో పాత పిలుపు ఉండనివ్వండి.

4. నాన్నను చూసి భయపడితే నొచ్చుకోకండి. శిశుగృహల్లో ఎక్కువమంది ఆడవాళ్లే ఉంటారు. మీసం, గట్టి గొంతు ఆ పిల్లలకు కొత్త. నాన్న నేల మీద కూర్చుని ఆడితే నాలుగు రోజుల్లో బిడ్డే దగ్గరకు వస్తుంది.

5. బిడ్డ వినేటట్టు "కన్నవాళ్లు ఎవరో", "ఏ కులమో", "ఎంత ఖర్చయింది" అనే మాటలు వద్దు. భాష రాకపోయినా గొంతులోని తేడా పిల్లలకు తెలుస్తుంది.

6. "ఆయా లేదు, మర్చిపో" అనకండి. "ఆయమ్మ గుర్తొచ్చిందా?" అని దగ్గరకు తీసుకోండి.

తిండి, నిద్ర

మొదటి వారం రోజులు శిశుగృహలో పెట్టిందే పెట్టండి. అక్కడ గంజి, పప్పన్నం అయితే ఇక్కడా అదే. తరువాత రెండు మూడు రోజులకు ఒక కొత్త పదార్థం, కొంచెం కొంచెంగా. డబ్బాపాలు తాగే బిడ్డకు డబ్బా మార్చకండి. మార్చాల్సి వస్తే డాక్టరు గారిని అడిగి, నాలుగైదు రోజుల మీద కొద్దికొద్దిగా మార్చండి. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించకూడదు. ఆవుపాలు, గేదెపాలు ప్రధాన ఆహారంగా పట్టకూడదు. నీళ్లు కాచి చల్లార్చి ఇవ్వండి.

బిడ్డ దిండు కింద బిస్కెట్టు దాచుకుంటే తిట్టకండి. తన చేతికి అందేచోట ఒక చిన్న డబ్బాలో మరమరాలో అరటిపండో ఉంచండి. తిండి పోదని నమ్మకం కుదిరాక దాచడం మానేస్తుంది. చిన్నపిల్లలకు వేరుశనగ గింజల వంటివి అందనివ్వకండి, గొంతులో అడ్డం పడతాయి.

పదిమంది పిల్లల మధ్య, లైటు వెలుగులో పడుకున్న బిడ్డకు చీకటిగది, నిశ్శబ్దం భయం కలిగిస్తాయి. అమ్మానాన్నల గదిలోనే పడక వేయండి. చిన్న లైటు ఉంచండి. దోమతెర తప్పనిసరి.

వైద్యపరంగా చేయవలసినవి

దత్తతకు ముందే సంస్థవారు ఇచ్చిన వైద్య పరీక్షల నివేదికను మీకు నమ్మకమైన పిల్లల డాక్టరుకు చూపించుకోండి. బిడ్డ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే మళ్లీ ఒకసారి చూపించండి. బరువు, ఎత్తు, తల చుట్టుకొలత రాయించుకోండి. చూపు, వినికిడి, రక్తహీనత, నులిపురుగులు, గజ్జి, క్షయ గురించి అడగండి. రక్త పరీక్షలు మళ్లీ చేయాలా వద్దా అన్నది డాక్టరు గారు చెబుతారు. ఈ పిల్లల్లో బరువు తక్కువ, మాట ఆలస్యం తరచుగా కనిపిస్తాయి. ప్రేమ, తిండి దొరికాక చాలామంది బాగా కోలుకుంటారు. అందుకని పక్కింటి పిల్లతో పోల్చి బెంగపడకండి. అలాగని పరీక్ష మానవద్దు.

టీకాల కార్డు అసలు ప్రతి దగ్గర పెట్టుకోండి. పుట్టగానే బీసీజీ, పోలియో, హెపటైటిస్-బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, పోలియో తదితరాలు. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా మొదటి డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. ఏది తప్పిపోయిందో డాక్టరు గారు చూసి ఇక్కడే మొదలుపెట్టవచ్చు. వీసా కోసం చేసే వైద్యపరీక్ష వేరు. అది రాయబార కార్యాలయం గుర్తించిన డాక్టరు దగ్గరే చేయించాలి. అమెరికా వెళ్లే రెండేళ్లు దాటిన పిల్లలకు అందులో క్షయకు పరీక్ష ఉంటుంది. ఫలితాన్ని బట్టి ప్రయాణం వెనక్కి జరగవచ్చు కనుక టికెట్లు తొందరపడి కొనకండి.

విదేశం నుంచి వచ్చే తల్లిదండ్రులు, అక్కడ ఇంట్లో ఉండే మిగతావాళ్లు కూడా హెపటైటిస్-ఎ, హెపటైటిస్-బి, తట్టు టీకాల గురించి బయలుదేరకముందే తమ డాక్టరును అడగాలి.

విరేచనాలైతే ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్లలో కలిపి, గుక్క గుక్కగా పట్టండి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. తిండి ఆపకండి. జింకు డాక్టరు చెప్పిన మోతాదులో 14 రోజులు ఇవ్వాలి. ఈ కింది లక్షణాల్లో ఏది కనపడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి: ఏమీ తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, కళ్లు గుంటలు పడడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, మలంలో రక్తం, ఫిట్స్, మత్తుగా పడి ఉండడం, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం, మూడు నెలలలోపు బిడ్డకు ఏ కొద్ది జ్వరమైనా.

తల్లి మాటేమిటి?

ఒక విషయం ఎవరూ పైకి చెప్పరు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన బిడ్డ ఒళ్లోకి వచ్చాక, "నాకు ఏమీ అనిపించడం లేదు సిస్టర్" అని రహస్యంగా చెప్పిన తల్లులున్నారు. అది పాపం కాదు, రాతిగుండె కాదు. నిద్ర లేదు, బిడ్డ దగ్గరకు రాదు, ఇంటినిండా సలహాలు. ప్రేమ చాలామందికి పనితోపాటే వస్తుంది, ముద్ద పెట్టగా పెట్టగా వస్తుంది. ఆ తల్లిని తప్పుపట్టకండి. ఆమె నిద్రపోవడానికి రెండు గంటలు ఇవ్వండి. బిడ్డ నాన్న ఒడిలో ఉంటుంది. రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే, ఏడుపు ఆగకపోతే, డాక్టరుకు చూపించండి.

సెలవు అయిపోయి నాన్న ముందుగా వెళ్లిపోవాల్సి వస్తే చెప్పకుండా మాయమవ్వకండి. బిడ్డకు చూపించి, చెప్పి వెళ్లండి. ఏడిస్తే ఏడవనివ్వండి. రోజూ ఒకే వేళకు ఫోనులో కనపడండి. మనుషులు వెళ్తారు, కాని తిరిగి వస్తారు అన్నది ఆ బిడ్డ ఇంకా నేర్చుకోవాల్సిన పాఠం.

చివరిగా ఒక హెచ్చరిక. దత్తత అంటే చట్టప్రకారమే. "ఫలానా ఆసుపత్రిలో వద్దనుకున్న బిడ్డ ఉంది, నేరుగా ఇప్పిస్తాం" అనేవారిని నమ్మకండి. బిడ్డను అమ్మడం, కొనడం నేరం. దానికి అయిదేళ్ల వరకు కఠిన జైలు శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. ఆసుపత్రి సిబ్బంది చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ.

మీ ఇంటికి అటువంటి బిడ్డ వచ్చిన రోజున, మీ అందరి చేతులూ ఎత్తుకోవడానికి ముందుకు వస్తాయి. ఆ చేతులను కొన్ని వారాలు వెనక్కి పెట్టుకోండి. విమానాశ్రయంలో మీకు టాటా చెప్పేటప్పుడు ఆ బిడ్డ అమ్మ మెడ గట్టిగా పట్టుకుని ఉంటే, మీ ఇంట్లో ఆ వారాలు బాగా గడిచినట్టే లెక్క.

సందేహాలున్నవారు ఓ.పి. వేళల్లో పిల్లల వార్డుకు వచ్చి మమ్మల్ని అడగవచ్చు.